మంచీ చెడూ తేల్చడంలో ఆడా మగా తేడా ఎక్కడుంది, ఎక్కడ లేదు

"ఆడవాళ్లు మనసుతో తీర్పు చెబుతారు, మగవాళ్లు లెక్కతో చెబుతారు." ఈ మాట ఏదో ఒక కొత్త అధ్యయనం పేరుతో ఎప్పటికప్పుడు వార్తల్లోకి వస్తూనే ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ "మాకు ముందే తెలుసు" అనేవాళ్లు కొందరు, "ఇదంతా పక్షపాతం" అని కొట్టిపారేసేవాళ్లు కొందరు. యాభై అరవై ఏళ్లుగా పోగైన సమాచారం ముందు ఈ రెండు మాటలూ నిలవవు. తేడా కొన్ని చోట్ల స్పష్టంగా ఉంది. కొన్ని చోట్ల దాదాపు లేదు. ఇంకొన్ని చోట్ల అడిగే తీరు మారిస్తే ఎవరు ఎక్కువో ఎవరు తక్కువో తారుమారవుతుంది.

మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే మూట కట్టడం వల్లే ఇంత గందరగోళం. ఒక పని తప్పా ఒప్పా అని చెప్పడం నైతిక తీర్పు. ఆ తీర్పుకు ఏ కారణాలు చెబుతారన్నది నైతిక తర్కం. నిజంగా సమయం వచ్చినప్పుడు ఏం చేస్తారన్నది నైతిక ప్రవర్తన. మొదటిదాన్ని ధర్మసంకటాలు ఇచ్చి కొలుస్తారు, రెండోదాన్ని ఇంటర్వ్యూలతో, మూడోదాన్ని డబ్బు చేతికిచ్చి చూసే ప్రయోగాలతో. మూడూ ఒకే జవాబు ఇవ్వవు, ఇవ్వాల్సిన పనీ లేదు. ఒక అధ్యయనం గురించి చదివేటప్పుడు అది ఈ మూడింటిలో దేన్ని కొలిచిందో తెలియకపోతే దాని ఫలితానికి అర్థమే ఉండదు.

## "సగటున తేడా ఉంది" అంటే నిజంగా ఎంత?

ఇలాంటి పరిశోధనల్లో తేడాను "డి" అనే సంఖ్యతో చెబుతారు. రెండు గుంపుల సగటుల మధ్య దూరాన్ని, ఒక్కో గుంపులోని మనుషులు తమలో తాము ఎంత చెదిరి ఉన్నారన్న కొలతతో భాగిస్తే వచ్చేది ఇది. సాధారణంగా 0.2 అంటే చిన్న తేడా, 0.5 అంటే మధ్యస్థం, 0.8 అంటే పెద్దది.

అంకె వింటే ఏమీ తట్టదు కాబట్టి మనుషుల్లో చూద్దాం. ఏదో ఒక గుణంలో స్త్రీల సగటు 0.28 ఎక్కువ అనుకోండి. ఒక స్త్రీనీ ఒక పురుషుణ్నీ గుడ్డిగా ఎంచి పక్కపక్కన నిలబెట్టండి. అలా వంద జంటలు కడితే 58 జంటల్లో స్త్రీ స్కోరు ఎక్కువ ఉంటుంది, 42 జంటల్లో పురుషుడిది. డి విలువ 0.57 అయితే 66కి 34. పోలికకు ఎత్తును తీసుకుంటే, వంద జంటల్లో తొంభైకి పైగా మగవాళ్లే పొడుగు ఉంటారు. నైతిక తీర్పుల్లో అంతటి తేడా ఎవరూ చూపలేదు. ఎదుటి మనిషి ఆడా మగా అన్నది తెలిసినంత మాత్రాన ఆ మనిషి ఏ తీర్పు చెబుతారో ఊహించడం కష్టమే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. సగటులో చిన్నగా కనిపించే తేడా అంచుల దగ్గర పెద్దదవుతుంది. డి విలువ 0.5 ఉన్నప్పుడు, తక్కువ సగటు ఉన్న గుంపులో నూటికి ఇద్దరు ముగ్గురు మాత్రమే దాటే గీతను రెండో గుంపులో నూటికి ఆరేడుగురు దాటుతారు. "పెద్ద తేడా లేదు", "ఆ చివర ఉన్నవాళ్లలో ఎక్కువమంది వాళ్లే" అనే రెండు వాక్యాలూ ఒకే లెక్కలోంచి రావచ్చు. ఒకటి చెప్పి రెండోది దాచితే చదివేవాళ్లను తప్పుదారి పట్టించినట్టే.

## కోల్‌బర్గ్ మెట్లు, గిలిగన్ అభ్యంతరం

చర్చకు మూలం 1958లో అమెరికన్ మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ చేసిన పరిశోధన. హైంజ్ అనే మనిషి భార్య క్యాన్సర్‌తో చావుబతుకుల్లో ఉంటుంది. మందు కనిపెట్టినాయన 200 డాలర్ల ఖర్చుతో చేసిన మందుకు 2,000 అడుగుతాడు. హైంజ్ చేతికి అందింది 1,000 మాత్రమే. మందు దొంగిలించవచ్చా? అవును కాదన్న జవాబు కంటే దానికి చెప్పే కారణమే కోల్‌బర్గ్‌కు ముఖ్యం. ఆ కారణాలను ఆయన ఆరు మెట్లుగా పేర్చాడు. శిక్షకు భయపడడం మొదటి మెట్టు. దగ్గరివాళ్ల దృష్టిలో మంచిగా ఉండాలన్నది మూడోది. చట్టం, సామాజిక క్రమం నాలుగోది. అందరికీ వర్తించే న్యాయ సూత్రాలు ఆఖరిది.

ఆ మెట్లను ఆయన కట్టింది మగపిల్లలతో చేసిన ఇంటర్వ్యూల మీద. తర్వాత స్త్రీలను అదే కొలతతో కొలిచి, వాళ్లు ఎక్కువగా మూడో మెట్టు దగ్గర కనిపిస్తున్నారన్నారు. మనస్తత్వవేత్త కరోల్ గిలిగన్ 1982లో రాసిన పుస్తకంలో దీన్నే నిలదీసింది. ఆమె చూపిన ఉదాహరణ పదకొండేళ్ల పిల్లలిద్దరిది. ప్రాణం డబ్బు కంటే విలువైనది కాబట్టి దొంగిలించాలని అబ్బాయి గణితంలా తేల్చేస్తాడు. దొంగతనం చేసి జైలుకెళితే భార్య జబ్బు ఇంకా ముదరవచ్చు, మందు కనిపెట్టినాయనతో మాట్లాడి చూడాలి, ఇంకో దారి వెతకాలి అంటుంది అమ్మాయి. కోల్‌బర్గ్ కొలతలో అబ్బాయి మెట్టు పైది. గిలిగన్ దృష్టిలో ఆ అమ్మాయి వేరే ప్రశ్నకు జవాబు చెబుతోంది. హక్కులూ నియమాలూ చూసే న్యాయ దృష్టి ఒకటి. సంబంధాలూ బాధ్యతలూ ఎవరికి ఏం కావాలన్నదీ చూసే ఆలనాపాలనా దృష్టి ఇంకొకటి. ఈ రెండోదాన్ని మొదటిదానికి పచ్చిదశగా లెక్కగట్టడం తప్పన్నది ఆమె వాదం.

ఆ వాదం ఇక్కడ తరచూ వక్రీకరణకు గురవుతుంది. తాను చెబుతున్న స్వరం లింగంతో కాక విషయంతో గుర్తించాల్సిందని గిలిగన్ ఆ పుస్తకంలోనే రాసింది. ఆమె ఆధారాలకూ పరిమితులున్నాయి. ముఖ్యమైన ఇంటర్వ్యూలు గర్భస్రావం గురించి ఆలోచిస్తున్న 29 మంది స్త్రీలతో చేసినవి. పోల్చడానికి అక్కడ పురుషులు లేరు.

తర్వాత లెక్కలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. 1984లో లారెన్స్ వాకర్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూశాడు. చాలావాటిలో తేడా లేదు. పురుషుల మెట్టు పైన ఉన్న కొన్నింటిలో చదువూ ఉద్యోగమూ ఉన్న మగవాళ్లను గృహిణులతో పోల్చారు. చదువు, వృత్తి సమానం చేస్తే ఆ తేడా పోయింది. 1986లో స్టీఫెన్ థోమా ఇంకో రకం పరీక్ష ఫలితాలను కలిపితే స్త్రీలే కొంచెం పైన ఉన్నారు. కానీ స్కోర్లలోని హెచ్చుతగ్గుల్లో లింగం వివరించింది అర శాతం కంటే తక్కువ. చదువు ప్రభావం దానికి 250 రెట్లు.

మరి ఆలనాపాలన, న్యాయం అన్న రెండు దృష్టుల మాటేమిటి? 2000లో సారా జాఫీ, జానెట్ హైడ్ 113 అధ్యయనాలను కలిపి చూశారు. డి విలువల్లో చెబితే, ఆలనాపాలనా దృష్టి వైపు స్త్రీల మొగ్గు 0.28, న్యాయ దృష్టి వైపు పురుషుల మొగ్గు 0.19. విడివిడిగా చూస్తే నూటికి డెబ్బైకి పైగా అధ్యయనాల్లో లెక్కలోకి తీసుకోదగ్గ తేడాయే కనిపించలేదు. కాబట్టి కోల్‌బర్గ్ కొలత ఒంటికన్నుదన్న గిలిగన్ విమర్శ బలంగానే నిలిచింది. ఆడవాళ్లకో స్వరం, మగవాళ్లకో స్వరం అని జనం అర్థం చేసుకున్నది మాత్రం నిలవలేదు.

## లెక్క అందరికీ ఒకటే, చేయి వెనక్కి లాగేది వేరే

అసలు ఆసక్తికరమైన మలుపు ధర్మసంకటాల దగ్గర వస్తుంది. అదుపు తప్పిన ట్రాలీ ఐదుగురి మీదికి వెళ్తోంది. మీట తిప్పి దాన్ని ఒక్కడున్న పట్టాల మీదికి మళ్లించడం ఒక రూపం. వంతెన మీది మనిషిని స్వయంగా తోసేసి దాన్ని ఆపడం ఇంకో రూపం. మీట రూపంలో ఆడామగా జవాబులు చాలావరకు ఒకేలా ఉంటాయి. తోసే రూపంలో విడిపోతాయి: "సరే, తోయవచ్చు" అనేవాళ్లు పురుషుల్లో ఎక్కువ.

పురుషులు ఫలితాన్ని ఎక్కువ లెక్కిస్తారు కాబట్టే ఇలా అని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ నిర్ధారణలో ఒక తప్పుంది. "తోయకూడదు" అన్న ఒకే జవాబు వెనక రెండు కారణాలు ఉండవచ్చు: ఫలితాల లెక్క బలహీనంగా ఉండడం, లేదా హాని చేయకూడదన్న పట్టింపు బలంగా ఉండడం. ఒకే ప్రశ్నతో ఈ రెండింటినీ విడదీయలేం. అందుకే ప్రతి సంకటాన్నీ రెండు రూపాల్లో ఇచ్చే పద్ధతి వచ్చింది.

ఒక ఉదాహరణ కడదాం. గని సొరంగంలోకి నీళ్లు వస్తున్నాయి. ఇనుప తలుపు మూసేస్తే అవతల చిక్కిన ఒకడు మునిగిపోతాడు. మొదటి రూపంలో, తలుపు మూయకపోతే ఇవతలి ఐదుగురూ చనిపోతారు. ఇక్కడ నియమం మూయొద్దంటుంది, ఫలితం మూయమంటుంది. రెండో రూపంలో, మూయకపోతే పనిముట్లు తడిసి పాడవుతాయి, అంతే. ఇక్కడ రెండూ మూయొద్దనే అంటాయి. ఇలాంటివి పది జతలు ఇచ్చారనుకోండి.

ఒక వ్యక్తి పనిముట్ల రూపాల్లో పదికి 9 సార్లు, ప్రాణాల రూపాల్లో పదికి 5 సార్లు "మూయకూడదు" అన్నారు. ఇంకో వ్యక్తి అవే రూపాల్లో 7 సార్లు, 3 సార్లు అన్నారు. ప్రాణాల రూపాన్ని మాత్రమే చూసే పాత పద్ధతిలో మొదటివారు 5 సార్లు, రెండోవారు 7 సార్లు మూయడానికి ఒప్పుకున్నట్టు లెక్క. కాబట్టి ఫలితాలను ఎక్కువ పట్టించుకునేది రెండోవారని తేలుస్తారు.

ఫలితాలను లెక్కించే మనిషి ఫలితం మారితే జవాబు మార్చాలి కదా. ఎంత మార్చారో చూద్దాం. మొదటివారు 0.9 నుంచి 0.5కి, తేడా 0.4. రెండోవారు 0.7 నుంచి 0.3కి, తేడా 0.4. ఫలితాల లెక్క ఇద్దరిలోనూ ఒకటే! ఇక మిగిలిన 0.6 వాటాలో, అంటే ఫలితం తీర్పును నడపని సందర్భాల్లో, నియమం ఎంత పనిచేసిందో చూడాలి. మొదటివారికి 0.5ను 0.6తో భాగిస్తే 0.83. రెండోవారికి 0.3ను 0.6తో భాగిస్తే 0.5. తేడా అంతా ఇక్కడే ఉంది.

రెబెకా ఫ్రీస్‌డార్ఫ్, పాల్ కాన్వే, బెర్ట్రామ్ గావ్‌రోన్‌స్కీ 2015లో 40 అధ్యయనాల్లోని సుమారు 6,100 మంది జవాబులను ఇదే పద్ధతిలో మళ్లీ లెక్కగట్టారు. మామూలుగా చూస్తే పురుషుల ఫలితవాద మొగ్గు 0.52. విడదీసి చూస్తే ఫలితాల లెక్కలో తేడా 0.10 మాత్రమే, హాని చేయకూడదన్న పట్టింపులో స్త్రీలది 0.57 ఎక్కువ. నాకు ఈ మొత్తం రంగంలో అన్నిటికంటే విలువైన ఫలితం ఇదే అనిపిస్తుంది. "మగవాళ్లు తర్కంతో, ఆడవాళ్లు భావోద్వేగంతో" అన్న నానుడిలో మొదటి సగం ఇక్కడ దాదాపు కూలిపోతుంది. ఐదు ఒకటి కంటే పెద్దదన్న లెక్క అందరికీ ఒకేలా వస్తుంది. ఆ లెక్క చెప్పినట్టు ఒక మనిషి ప్రాణం తీయడానికి చేయి ఎంత వెనకాడుతుందన్న దగ్గరే దారులు విడిపోతాయి.

కథ అక్కడితో ఆగలేదు. ఆ వెనకాడడం నియమం మీది గౌరవమా, లేక ఏ పనీ చేయకుండా ఉండిపోయే మొగ్గా? ట్రాలీ కథలన్నిటిలో నియమం పాటించడమంటే ఏమీ చేయకుండా ఉండడమే, కాబట్టి రెండూ కలిసిపోతాయి. 2017లో గావ్‌రోన్‌స్కీ బృందం వాటిని విడదీయడానికి, నియమమే "ఈ పని చెయ్యి" అని ఆదేశించే సంకటాలను కూడా చేర్చింది. రోగికి ఇవ్వాల్సిన మందు ఇవ్వడం లాంటివి. అందులో నియమాల పట్టింపూ, ఏమీ చేయకుండా ఉండే మొగ్గూ రెండూ స్త్రీలలో కొంత ఎక్కువ కనిపించాయి. ఫలితాల పట్ల స్పందనలో తేడా లేదు.

## చెప్పేది ఒకటి, చేసేది ఒకటి

కాగితం మీది ట్రాలీ నిజ జీవితం గురించి ఎంత చెబుతుంది? 2018లో డ్రైస్ బోస్టిన్ బృందం దీన్ని పరీక్షకు పెట్టింది. ఐదు ఎలుకలున్న పంజరానికి కరెంటు షాక్ తగలబోతోంది, బటన్ నొక్కితే ఒకే ఎలుక ఉన్న పంజరానికి మళ్లుతుంది, 20 సెకన్లలో తేల్చుకోవాలి. నిజానికి ఏ ఎలుకకూ షాక్ ఇవ్వలేదు. ఊహలో అడిగితే నూటికి 66 మంది నొక్కుతామన్నారు. పంజరాల ముందు నిలబెడితే 84 మంది నొక్కారు. పైగా కాగితం మీది సంకటాలకు ఇచ్చిన జవాబులను బట్టి, ఇక్కడ ఎవరు నొక్కుతారో చెప్పడం కుదరలేదు.

తమ గురించి తాము చెప్పుకునే ప్రశ్నావళుల్లో ఇంకో చిక్కుంది. 1983లో నాన్సీ ఐసెన్‌బర్గ్, రాండీ లెనన్ సహానుభూతి అధ్యయనాలను వరసపెట్టి చూశారు. "ఇతరుల బాధ నన్ను కదిలిస్తుంది" లాంటి వాక్యాలకు అవును కాదు చెప్పమంటే స్త్రీల స్కోరు చాలా ఎక్కువ. గుండె వేగం, చెమట వంటి శరీర స్పందనలను కొలిస్తే తేడా కనిపించలేదు. ఏం కొలుస్తున్నారో పైకి తెలిసిపోయే చోట, తమ నుంచి లోకం ఆశించే జవాబు వైపు మనుషులు జరుగుతారు. ఆడవాళ్లూ, మగవాళ్లూ.

ప్రవర్తన కొలతలకు వస్తే ముందు స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రయోగం. ల్యాబ్ కోటు వేసుకున్న మనిషి ఆదేశిస్తే ఎదుటివాడికి 450 వోల్టుల దాకా షాక్ ఇస్తారా అన్నది ప్రశ్న. షాక్ ఉత్తిదే, ఇచ్చేవాళ్లకు ఆ సంగతి తెలియదు. 40 మంది పురుషుల్లో 26 మంది చివరిదాకా వెళ్లారు. తర్వాత 40 మంది స్త్రీలతో చేసినప్పుడు కూడా అదే 26. స్త్రీలు లోపల ఎక్కువ నలిగిపోయామని చెప్పారు, కానీ మీట మీద చేయి ఆగలేదు. ఇతర దేశాల్లో చేసినవాటిలోనూ ఎక్కువగా తేడా రాలేదు. 1974లో ఆస్ట్రేలియాలో చేసిన ఒకదానిలో మాత్రం పురుషులు నూటికి 40, స్త్రీలు 16 మంది లోబడ్డారు.

అబద్ధాల కొలత తీరు తెలుసుకోదగ్గది. వందమందిని ఒంటరిగా నాణెం ఎగరేసి, బొమ్మ పడితే డబ్బు తీసుకోమంటారు. 70 మంది బొమ్మ పడిందన్నారనుకోండి. నిజంగా పడాల్సింది సుమారు 50 మందికి. బొరుసు పడిన 50 మందిలో 20 మంది, అంటే 40 శాతం అబద్ధమాడినట్టు. ఎవరు ఆడారో మాత్రం ఎప్పటికీ తెలియదు. ఫిలిప్ గెర్లాక్ బృందం 2019లో ఇలాంటి 565 ప్రయోగాలను కలిపింది. అబద్ధమాడినవాళ్లు పురుషుల్లో 42 శాతం, స్త్రీలలో 38 శాతం. తేడా ఉంది. స్త్రీలు సహజంగానే నిజాయితీపరులని తేల్చేంత తేడా కాదు.

పంచుకునే ఆటలో ఇంకా చిత్రమైన సంగతి ఉంది. జేమ్స్ ఆండ్రియోని, లీస్ వెస్టర్‌లండ్ 2001లో ఇవ్వడానికయ్యే ఖర్చును మార్చి మార్చి చూశారు. చేతిలో 40 టోకెన్లు ఉన్నాయనుకోండి. ఉంచుకుంటే ఒక్కోటి 3 పాయింట్లు, ఇస్తే అవతలివారికి 1 పాయింటే. ఇద్దరికీ సమానం కావాలంటే 10 ఉంచుకుని 30 ఇవ్వాలి, అప్పుడు చెరో 30 పాయింట్లు. విలువలు తిరగేస్తే, అంటే ఇచ్చిన ప్రతి టోకెనూ అవతల 3 పాయింట్లయితే, 30 ఉంచుకుని 10 ఇస్తే సమానం. మొత్తం ఇచ్చేస్తే అవతలివారికి 120. ఇవ్వడం ఖరీదైన చోట స్త్రీలు ఎక్కువిచ్చారు, చవకైన చోట పురుషులు ఎక్కువిచ్చారు. స్త్రీలలో ఎక్కువమంది చెరిసగం దగ్గర నిలబడ్డారు. పురుషుల్లో పూర్తిగా ఉంచేసుకునేవాళ్లూ, మొత్తం ఇచ్చేసేవాళ్లూ రెండు రకాలూ ఎక్కువ. "ఎవరిది పెద్ద మనసు" అన్న ప్రశ్నకు ఒక్క ఖర్చు దగ్గరే కొలిచి జవాబు చెబితే అది సగం జవాబే.

## సమానత్వం పెరిగిన దేశాల్లో తేడా ఎందుకు పెరిగింది

మహమ్మద్ అతారి బృందం 2020లో 67 దేశాల నుంచి 3,36,691 మంది జవాబులను పరిశీలించింది. హాని చేయకపోవడం, న్యాయం, పవిత్రత అన్న మూడింటికీ స్త్రీలు నిలకడగా ఎక్కువ విలువ ఇచ్చారు. విధేయత, పెద్దల అధికారం విషయంలో తేడా నామమాత్రం, అదీ దేశాన్ని బట్టి మారింది. అందరినీ తికమక పెట్టింది ఇంకోటి: స్త్రీపురుష సమానత్వం ఎక్కువున్న, వ్యక్తివాదం ఎక్కువున్న సమాజాల్లో మొత్తం తేడా తగ్గకపోగా పెద్దదిగా కనిపించింది.

ఒత్తిడి తగ్గితే సహజమైన మొగ్గులు స్వేచ్ఛగా బయటపడతాయని ఒక వర్గం చెబుతుంది. ఇంకో వర్గం కొలత వైపు వేలు చూపుతుంది. మనుషులు తమకు తాము మార్కులు వేసుకునేటప్పుడు ఎవరితో పోల్చుకుంటారన్నది సమాజాన్ని బట్టి మారుతుంది. ఆడవాళ్లు ఆడవాళ్లతోనే పోల్చుకునే చోట తేడా స్కోర్లలోకి రాదు. పైగా ఈ ప్రశ్నావళులు పాశ్చాత్య దేశాల్లో తయారైనవి. ప్రశ్న సరిగా అతకని చోట జవాబులు అడ్డదిడ్డంగా వస్తాయి, ఆ గందరగోళంలో ఉన్న తేడా కూడా చదునైపోతుంది. రెండో వివరణను తోసిపుచ్చకుండా మొదటిదాన్ని నిజమని ప్రకటించడం తొందరపాటు.

## కారణం పుట్టుకా, పెంపకమా, స్థానమా

పైన చెప్పిన అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లు ఆడా మగా అన్న గడిలో ఒక టిక్కు పెట్టారు, అంతే. ఆ టిక్కు వెనక హార్మోన్లు, పెంపకం, చేసే పనులు, చేతిలో ఉన్న అధికారం అన్నీ కలిసే ఉంటాయి. వాటిలో ఏది తేడాకు కారణమో ఆ గడి చెప్పలేదు.

ఆలిస్ ఈగ్లీ ప్రతిపాదించిన సామాజిక పాత్రల సిద్ధాంతం ప్రకారం, పిల్లలనూ రోగులనూ చూసుకునే పనులు ఎవరి చేతిలో ఎక్కువుంటే వాళ్ల నుంచి సమాజం మెత్తదనాన్ని ఆశిస్తుంది, వాళ్లూ అలాగే తయారవుతారు. రాజనీతి తాత్వికురాలు జోన్ ట్రోంటో ఇంకో అడుగు ముందుకేసింది. ఆలనాపాలనా దృష్టి స్త్రీత్వం నుంచి కాక, కింది స్థానంలో ఉండడం నుంచి పుట్టవచ్చని, అలాంటి స్థానాల్లో ఉన్న పురుషుల్లోనూ వెతకాలని 1987లో వాదించింది. ఈ ప్రశ్నకు దొరికిన ఆధారాలు తక్కువ. చాలా అధ్యయనాలు కాలేజీ విద్యార్థులతోనో, ఇంటర్నెట్‌లో దొరికినవాళ్లతోనో సాగిపోయాయి.

శరీరం వైపు నుంచి చూసేవాళ్లు టెస్టోస్టెరాన్ వైపు చూపిస్తారు. ఈ హార్మోన్ పెరిగితే హాని పట్ల జంకు తగ్గి, తీర్పు ఫలితాల వైపు మొగ్గుతుందన్నది వాళ్ల ఊహ. స్కైలర్ బ్రానన్, సారా కార్, గావ్‌రోన్‌స్కీ ఆ ఊహను పరీక్షించి 2019లో ఫలితం ప్రకటించారు. 200 మందిలో కొందరికి టెస్టోస్టెరాన్, మిగతావాళ్లకు ఉత్త మందు ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో ఇచ్చేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ తెలియదు. తర్వాత ఫలితం, నియమం, ఏమీ చేయకపోవడం మూడింటినీ విడదీసే సంకటాలే ఇచ్చారు. టెస్టోస్టెరాన్ తీసుకున్నవాళ్లలో నియమాల పట్టింపు తగ్గలేదు, పెరిగింది.